తిమ్మిరికి తోక కోస్తే

మా మేనకోడలికి ఒళ్ళు కొవ్వెక్కిందని మా అన్న ఫోన్ చేసి చెప్పేనాటికి, ఆ పిల్ల చుడీదారు ప్యాంటు నడుం మీద నిలవక బొందు రెండు చుట్లు తిప్పి కట్టుకుంటోంది.

నేను కోయంబత్తూరులో ఉంటాను. మా ఆయనకి మోటారు పంపుల విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు ఉంది. పుట్టిల్లు ఆండిపట్టి దగ్గర పల్లె. పత్తి, మొక్కజొన్న, కాస్త మల్లెతోట. మా ఊళ్ళో అందరం ఇంట్లో తెలుగే మాట్లాడతాం. బడికి పోతే తమిళం. మా తెలుగు ఎన్ని వందల ఏళ్ళ కిందట ఆంధ్రా నుంచి బయల్దేరిందో ఎవరికీ తెలియదు గానీ, దారిలో దొరికిన తమిళ మాటలన్నీ ఒళ్ళో వేసుకుంటూ వచ్చింది. చదవడం రాయడం మాత్రం ఎవరికీ రాదు. నేను కాలేజీలో మొండికేసి రెండో భాషగా తెలుగు తీసుకున్నాను కాబట్టి ఇలా రాయగలుగుతున్నాను.

ఫోన్ మోగినప్పుడు గ్రైండరులో ఇడ్లీ పిండి తిరుగుతోంది.

"తాయీ, నీ కోడలు మా మానం తీసేసినాది. పళ్ళికూడంలో టీసీ ఇస్తామంటాండారు."

"ఏం చేసిందన్నా?"

"ఏం చేయలేదో అడుగు! సాక్‌పీసులు దొంగిలించినాది. టీచరు పాఠం చెప్తాండగా లేచి, వరండాలో సామి ఊరేగింపు మాదిరి ఈ కొసకీ ఆ కొసకీ తిరుగుతాది. పక్క పిల్ల నొసట్లో టిఫిన్ బాక్సు ఇసిరి కొట్టినాది. హెచ్ఎం ఏందమ్మా అని అడిగితే ఎదురు మాట్లాడినాది. కొవ్వు, తాయీ, కొవ్వు! తిన్నది అరగక!"

"తినేదెక్కడ? పోయినసారి చూస్తే వీపున ఎముకలు లెక్కపెట్టేటట్టు ఉండె కద?"

"నువ్వు దానికి వకాల్తు పట్టొద్దు. సోమవారం పోయి టీసీ తీసుకుంటా. బోడి టౌనులో మీ వదిన తమ్ముడిది ఏలక్కాయల కొట్టు ఉండాది కద, ఆడ కూర్చోబెడతా. కాయలు ఏరతా ఉంటే కాళ్ళు ఒకచోట నిలుస్తాయి."

వకాల్తు పట్టొద్దు అనడం నాతో అనకూడని మాట. అప్పటిదాకా లేని వకాల్తు అప్పుడే పుడుతుంది. అయినా అది హాస్యానికి. అసలు సంగతి నాకు వెంటనే అర్థమైంది. పిల్ల పదో తరగతిలో ఉంది. పబ్లిక్ పరీక్షలు ముందున్నాయి. ఈ సమయంలో దొంగతనం, కొట్లాట అని పేరు మోసుకుని టీసీతో బయటికొస్తే ఏ బడీ చేర్చుకోదు. ఏలకుల కొట్టులో ఒకసారి కూర్చున్న పిల్ల లేచి వచ్చి పదో తరగతి పరీక్ష రాసినట్టు మా వైపు నేను ఇంతవరకూ వినలేదు. పిండి తీసి గిన్నెలో వేసి, ఉప్పు కలపమని మా ఆయనకి చెప్పి, బస్సెక్కాను.

పళని దాటేదాకా ఆ 'కొవ్వు' అన్న మాటే నా బుర్రలో తిరిగింది. గమనించారో లేదో, చెడ్డ నడవడికి మనకున్న మాటలన్నీ మంచి ఆరోగ్యం నుంచి తెచ్చుకున్నవే. కొవ్వు. బలుపు. కండకావరం. ఒళ్ళు మదం. తిన్నది అరక్క. తమిళం వాళ్ళూ తక్కువ తినలేదు. వాళ్ళు 'కొళుప్పు' అనేదీ ఈ కొవ్వునే. అంటే మాట వినని పిల్ల బాగా తిని బలిసిన పిల్లేనని రెండు భాషలూ కూడబలుక్కుని తీర్పు చెప్పేశాయి. పంటి పోటుతో తలుపు ధడేల్మని వేసేదానికీ, కడుపునొప్పితో కసురుకునేదానికీ, నిద్ర చాలక అడ్డంగా మాట్లాడేదానికీ ప్రత్యేకంగా ఒక తిట్టు కూడా లేదు. మా ఆయనకి పొద్దున కాఫీ ఆలస్యమైతే చాలు, జైల్లో పెట్టదగిన మాటలంటాడు. ఆయన్ని ఎవరూ కొవ్వెక్కిందనరు. పాపం ఇంకా కాఫీ తాగలేదంటారు. పదిహేనేళ్ళ పిల్లకి ఆ 'పాపం' ఎందుకు దక్కదో నాకు తెలియాలి.

తిట్టు ఎటు చూపిస్తే వైద్యమూ అటే పోతుంది. ఇల్లు చేరి చేతులు కడుక్కోకముందే మా వదిన తన వైద్యం ఏకరువు పెట్టింది.

"గుడ్డు మానిపించేసినాను. నెయ్యి లేదు. ఆదివారం కూరలో ముక్క వేయను, రసమే పోస్తాను. పాలు కూడా లేదు, ఆకలంటే టీ ఇస్తాను. కొవ్వు కరగాల కద వదినా?"

"కరిగేదానికి ముందు ఉండాల కద వదినా?"

మా వదిన చెడ్డది కాదు. తన కంచంలో ముక్క తీసి పిల్ల కంచంలో వేసే మనిషి. భాష చెప్పినట్టు చేసింది, అంతే.

మా అమ్మ మాత్రం ఇంట్లో అందరితోనూ విభేదించింది. ఆ గుణం నాకు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

"దానికి కొవ్వూ కాదు, గాలీ కాదు. భక్తి ముదిరినాది," అంది.

"దీనికా?"

"నీకేం తెలుసు? దినమూ సాయంత్రం సామి గూడు ముందర నిలబడతాది. తిరునీరు నొసట పెట్టుకునేవాండ్లని చూసినాను. నోట్లో చిటికెడు వేసుకునేవాండ్లని చూసినాను. ఇది పిడికిలి నిండా తీసుకుని అన్నం మాదిరి తింటాది. పళని నుంచి తెచ్చిన పొట్లం అట్లే ఖాళీ. ఎంత భక్తి ఉంటే అంత విభూతి తినబుద్ధి అవుతాది చెప్పు!"

"వచ్చే దారే కదమ్మా, చెప్పి ఉంటే పళనిలో దిగి ఇంకో మూట తెచ్చి ఉందును," అన్నాను. అమ్మకి ఎకసెక్కం అర్థం కాలేదు. తెచ్చి ఉంటే బాగుండేదని నొచ్చుకుంది.

ఆ భక్తురాలు పంచలో అరుగు మీద కూర్చుని ఉంది. కూర్చుని ఉంది అనడం అబద్ధం. ఒక కాలు ఊపింది, ఆపింది, రెండో కాలు ఊపింది, లేచింది, గడప దాకా పోయింది, వచ్చి కూర్చుంది. మూతి రెండు చివర్లా పగిలి ఉంది. మొహం గాలికి ఎండిన మొక్కజొన్న పొత్తి రంగు.

"ఏమే, రౌడీవైపోయినావంట?"

"ఇంకా లేదత్తా. ట్రైనింగే."

"సాక్‌పీసులు ఎందుకు దొంగిలించినావే? గోడ మీద ఎవడికైనా జాబు రాసేదానికా?"

"రాసేదానికి కాదు."

"మరి?"

నోరు మూసేసింది. నోరున్న పిల్ల నోరు మూసిందంటే ఏదో సిగ్గుపడే సంగతే. దాన్ని వదిలి ఇంకోటి పట్టుకున్నాను.

"క్లాసులో ఏలా లేచి తిరుగుతావు?"

"చెప్తే ఎవరు వింటాండారు? హెచ్ఎం టీచరుకి చెప్పినాను. నిజమే చెప్పినాను. నిజం చెప్పినందుకే టీసీ."

"ఏం చెప్పినావు?"

"నువ్వూ కొవ్వంటావు, పో అత్తా," అని లేచి గొడ్లచావిడి వైపు వెళ్ళిపోయింది. మెట్లు దిగేటప్పుడు పిక్కని చేత్తో గట్టిగా రుద్దుకుంది. అది చూశాను, చూసినట్టు గుర్తు పెట్టుకోలేదు.

సోమవారం పొద్దున్నే మా అన్న, నేను, పిల్ల ముగ్గురం హెచ్ఎం గదిలో నిలబడ్డాం. ఆవిడది నా వయసే, నా నోరే. కళ్ళద్దాల మీంచి చూస్తే మా అన్న జేబులోంచి చేతులు బయటికి తీశాడు. మాటలన్నీ తమిళంలో జరిగాయి. అవసరమైనచోట తప్ప తెలుగులోనే చెబుతాను.

"కూర్చోండి. టీసీ రాయించాను, సంతకం ఒక్కటే మిగిలింది," అంది ఆవిడ. "నేను ఎందరో పొగరుబోతు పిల్లల్ని చూశానమ్మా. అందరూ 'నేనేం చేయలేదు టీచర్' అనేవాళ్ళే. తనకి పొగరని తనే ఒప్పుకున్న పిల్లని ఇదే చూడటం."

"ఒప్పుకుందా?"

"నలభై మంది ముందు. ఎందుకమ్మా లేచి తిరుగుతున్నావు అని నెమ్మదిగానే అడిగాను. నా మొహం చూసి చెప్పింది: 'తిమిరు ఏరిడుచ్చు టీచర్, అదాన్ నడక్కిరేన్.'"

తమిళం రానివాళ్ళ కోసం: 'పొగరెక్కింది టీచర్, అందుకే తిరుగుతున్నాను.'

మా అన్న తల నేలలోకి దిగిపోయింది. నేను పిల్ల వైపు చూశాను. అది ఒంటికాలి మీద నిలబడి రెండో కాలి పిక్కని రుద్దుకుంటోంది, నిన్న మెట్ల మీద రుద్దుకున్నట్టే. అప్పుడు నాకు వెలిగింది. వెలిగింది అనుకున్న మరుక్షణం నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

మా పిల్లలకి ఒక అలవాటు. తమిళంలో మాట తోచకపోతే, తెలుగు మాటకి తోక కోసి తమిళం చేసేస్తారు. 'వెన్నెల'ని 'వెన్నెల్' అంటే తమిళమైపోయిందని వాళ్ళ నమ్మకం. చిన్నప్పుడు మేమూ చేశాం. చాలాసార్లు నడిచిపోతుంది కూడా. ఈ పిల్ల 'తిమ్మిరి ఎక్కింది' అనబోయింది. తిమ్మిరికి తోక కోసింది, తిమిరు అయింది. ఎక్కిందిని ఏరిడుచ్చు చేసింది. వ్యాకరణంలో పైసా తప్పు లేదు. కాకపోతే తమిళంలో తిమిరు అంటే కాళ్ళకి పట్టేది కాదు, తలకెక్కేది. పొగరు.

"ఎందుకమ్మా నవ్వుతున్నారు? ఇది వంశంలోనే ఉందా?" అంది హెచ్ఎం.

"టీచర్, మన్నించండి. ఇది పొగరని చెప్పలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయని చెప్పింది. మా ఇంటి తెలుగులో కాలు మొద్దుబారి జివ్వుజివ్వుమంటే తిమ్మిరి అంటాం. దాన్ని తోక కోసి మీకు వడ్డించింది."

"తమిళంలో దానికి మాట లేదా? మరత్తుప్పోచ్చు అని అనొచ్చుగా? ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదువుతోంది."

"లెక్కలు, చరిత్ర, ఆకులో భాగాల పేర్లు అన్నీ తమిళంలో చెబుతుంది టీచర్. కానీ జ్వరం, కడుపునొప్పి, తిమ్మిరి ఇవి బళ్ళో నేర్పరు కద. పిల్లలు ఇంట్లో జబ్బుపడతారు. జబ్బు ఇంటి భాషలోనే వస్తుంది."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పిల్ల వైపు తిరిగింది. "నిజమా?"

"ఆమా టీచర్. కాళ్ళల్లో చీమలు పారినట్టు ఉంటాది. కూర్చుంటే ఎక్కువ. నడిస్తే పోతాది." పిల్ల ఈసారి జాగ్రత్తగా, ప్రతి మాటా తమిళమేనా అని తడుముకుంటూ చెప్పింది.

గెలిచేశానని నేను వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. ఆవిడ అంత తేలిగ్గా వదిలే రకం కాదు.

"సరే. ఒక మాటకి తెలుగు దొరికింది. సాక్‌పీసుల దొంగతనాన్ని మీ తెలుగులో ఏమంటారు? టిఫిన్ బాక్సుని ఏమంటారు? అవీ తోక తెగిన మాటలేనా?"

నేను పిల్ల వైపు తిరిగాను.

"తిన్నాను," అంది పిల్ల.

"ఏంటి?"

"సాక్‌పీసులు. దాచలేదు టీచర్, అమ్మలేదు. తిన్నాను. వద్దనుకున్నా చెయ్యి పోతాది."

మా అన్న "అయ్యో పాపా" అన్నాడు. ఫోన్‌లో కొవ్వు కొవ్వు అని అరిచిన గొంతేనా అనిపించింది.

హెచ్ఎం ఆ టీసీ కాయితాన్ని తీసి, చూసి, డ్రాయరులో పెట్టింది. "డాక్టరుకి చూపించి, ఏమన్నారో రాయించుకు రండి. అప్పుడు చూస్తాను సంతకం పెట్టాలో వద్దో. జబ్బుందంటే వింటాను. జబ్బు లేదంటే మాత్రం మీ తెలుగు పాఠం నా దగ్గర చెల్లదు."

"ఆ సంతకం పెట్టే పెన్ను కూడా డ్రాయరులోనే పెట్టి తాళం వేయండి టీచర్," అన్నాను.

"మీరేం చదివారు?"

"బీఎస్సీ జువాలజీ. రెండో భాష తెలుగు."

"రెండోదే ఎక్కువ చదివినట్టున్నారు."

నిజమే. బొద్దింకని, కప్పని కోసి లోపలేముందో గడగడా చెప్పి డిగ్రీ తెచ్చుకున్నదాన్ని. మనిషి పిల్ల గురించి మాత్రం మదురైకి బస్సెక్కాల్సి వచ్చింది.

మదురైకి నేనూ పిల్లా వెళ్దామనుకున్నాం. అమ్మ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. భక్తి ముదిరితే డాక్టరు ఏం చేయగలదో తను కూడా చూడాలంది. బస్సులో కిటికీ పక్కన పిల్ల, మధ్యలో నేను, ఈ చివర అమ్మ. దారి పొడుగునా పిల్ల కాళ్ళు నా కాళ్ళని తన్నాయి. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూడోసారి తిరిగితే, "ఏమన్నా అనాలంటే నన్నను, నా కాళ్ళు ఖాళీగా ఉండాయి," అన్నాను. తిరగలేదు.

డాక్టరు చిన్నపిల్ల, మా వర్క్‌షాపులో కొత్తగా చేరిన ఇంజనీరు వయసు ఉంటుంది. పిల్ల కింది కనురెప్పని వేలితో లాగి చూసింది. ఎర్రగా ఉండాల్సిన చోటు తెల్ల కాయితంలా ఉంది. గోళ్ళు చూసింది. నాలుక చూసింది.

"మట్టి, సాక్‌పీసు, పచ్చిబియ్యం, ఐసు, ఇలాంటివి తినాలనిపిస్తుందా?"

పిల్ల నేల చూపులు చూసింది. మా అమ్మ గర్వంగా ముందుకొచ్చింది. "తిరునీరు తింటాది డాక్టరమ్మా. పిడికిలి పిడికిలి. చానా భక్తి."

డాక్టరు నవ్వాపుకుని, "బక్తి ఇల్లె పాట్టి, పసి," అంది. భక్తి కాదవ్వా, ఆకలి. "ఒంట్లో ఇనుము తక్కువైతే కొందరికి ఇలా తినరానివి తినాలనిపిస్తుంది."

"ఇనుమా?" అంది అమ్మ నా వైపు తిరిగి తెలుగులో. "ఇంట్లో గడ్డపార ఉండాది. అరగదీసి ఇచ్చేదా?"

తర్వాత డాక్టరు నన్నూ అమ్మనీ బయట కూర్చోమంది. "నేను మేనత్తని, నాకు తెలియకూడనిది దానికేముంటుంది?" అన్నాను. "అందుకే ముందు మీరు," అని తలుపు చూపించింది. నాకు కోపం వచ్చింది గానీ, ఆ అమ్మాయి మీద కొంచెం గౌరవం కూడా వచ్చింది. మమ్మల్ని లోపలికి పిలిచేసరికి పిల్ల మొహం బరువు దింపుకున్నట్టు ఉంది. నెలనెలా దానికి రక్తం చాలా ఎక్కువ పోతోందట, చాలాకాలంగా. అమ్మతో చెప్పడానికి సిగ్గు. స్కూల్లో చెప్పడానికి తమిళ మాట తెలుసు గానీ ఇంకా సిగ్గు. రక్తపరీక్ష కాయితం మధ్యాహ్నానికి వచ్చింది. అందులో ఉండాల్సిన ఇనుము దాదాపు లేదు.

డాక్టరు విడమరిచి చెప్పింది. ఇనుము తగ్గితే కొందరికి కూర్చున్నా పడుకున్నా కాళ్ళల్లో ఏదో పాకినట్టు ఉండి, కదిలిస్తే గానీ ఓర్చుకోలేరట. నిద్ర సరిగ్గా పట్టదు. చదివింది తలలో నిలవదు. చిన్న మాటకే చిరాకు వస్తుంది.

"అయితే టిఫిన్ బాక్సు విసిరింది కూడా రక్తమేనా?" అన్నాను. హెచ్ఎం దగ్గర చెప్పడానికి ఒక గట్టి మాట కావాలి నాకు.

"కోపం తొందరగా రావడానికి రక్తం కారణం కావచ్చు. బాక్సు ఎత్తింది చెయ్యి. చెయ్యి ఆ పిల్లదే." ఆ అమ్మాయి నా కంటే ఘటికురాలు. "అల్లరి పిల్లలందరికీ రక్తం తక్కువని నేను రాసివ్వనమ్మా. అలా అని మీరు బయట చెప్పొద్దు కూడా. తిట్టేముందు ఒకసారి కనురెప్ప లాగి చూస్తే నష్టం లేదు, అంతే."

మాత్రలు రాసింది, నెలసరికి వేరే మందు రాసింది. మాత్ర వేసుకున్నప్పుడు నిమ్మరసం తాగొచ్చు, టీ మాత్రం దగ్గరికి రానివ్వొద్దంది. కొవ్వు కరగడానికని మా వదిన గ్లాసులు గ్లాసులు పోసిన టీ, ఉన్న కాస్త ఇనుమునీ ఒంటికి పట్టనివ్వలేదన్నమాట.

ఇంటికొచ్చి ఇదంతా చెప్పగానే మా వదిన కళ్ళు తుడుచుకుని, మరుసటి పూట నుంచి ఎదురు వైద్యం మొదలుపెట్టింది. మునగాకు పొరుటు, రాగి సంకటి, నువ్వులుండలు, ఖర్జూరం, వారం తిరక్కముందే పొట్టేలు కార్జం మళ్ళీ మళ్ళీ. పిల్ల నా దగ్గరికొచ్చి, "అత్తా, కొవ్వు కరిగించేదే మేలుగా ఉండె. అమ్మకి చెప్పు, ఇంకా కార్జం తింటే నేను మేక మాదిరి అరుస్తాను," అంది.

మా అన్నకి మాత్రం ఇంకా మింగుడుపడలేదు.

"మాత్ర వేస్తే బుద్ధి వస్తాదా, తాయీ?"

"మాత్రకి రక్తం వస్తాదన్నా. బుద్ధి నువ్వు నేర్పాల. అది ఏ మందుల షాపులోనూ ఉండదు."

"బోడిలో దాని మామకి మాటిచ్చేసినా కద, పిల్లని పంపిస్తానని?"

"నువ్వు పోయి కూర్చో. నీకీ కాళ్ళు ఒకచోట నిలవవు."

ఇక టిఫిన్ బాక్సు సంగతి. నొసట బొప్పి కట్టిన ఆ పిల్ల ఏమందో అప్పుడు బయటపడింది. మా పిల్ల గుళ్ళో విభూతి తినడం చూసి 'సాంబల్' అని పేరు పెట్టింది. సాంబల్ అంటే బూడిద. తరగతి మొత్తం బూడిదా బూడిదా అని పిలిస్తే ఎవరికైనా చేతిలో ఉన్నది లేస్తుంది. అయినా లేవకూడదు.

"పోయి మన్నిపు అడుగు," అన్నాను.

"నాకు రక్తం లేదు కద అత్తా? నేనెక్కడ కొట్టినాను? ఇనుము లేకపోయేది కొట్టినాది."

చూశారా! కాయితం చేతికొచ్చి వారం కాలేదు, అప్పుడే లాయరైపోయింది. వకాల్తు పట్టడం కూడా వంశంలోనే ఉంది.

"అట్లయితే ఇనుమునే పంపించు. అది పోయి తల వంచుకుని నిలబడితే చాలు. నీకి పది పరీక్ష ఎందుకు, అది కూడా ఇనుమే రాస్తాది!"

మూతి ముడుచుకుని, నువ్వులుండల డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు రెండు నువ్వులుండలు తక్కువ ఉన్నాయి. ఆ పిల్ల కూడా మన్నిపు అడిగిందట. ఇద్దరూ ఉండలు తింటూ కాసేపు ఏడ్చి, తర్వాత హెచ్ఎంని వెక్కిరించుకున్నారట.

డాక్టరు రాసిచ్చిన కాయితం తీసుకుని మళ్ళీ ఆ గదికి వెళ్ళాం. ఆవిడ రెండుసార్లు చదివింది. డ్రాయరు తెరిచింది. టీసీ బయటికి తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, సంతకం చేయకుండానే మళ్ళీ లోపల పెట్టింది.

"చించండి టీచర్," అన్నాను.

"చించను. పరీక్షలయ్యేదాకా ఇక్కడే ఉంటుంది. రక్తం తక్కువని తేలింది, సరే. రక్తం వచ్చాక ఈ పిల్ల ఎలా ఉంటుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు." పిల్లని దగ్గరికి పిలిచింది. "కాళ్ళు అలా అయితే లేచి వెనక వరసలో నిలబడు. వరండాలోకి వెళ్ళొద్దు. అడిగితే ఏమని చెప్పాలి?"

"మరత్తుప్పోచ్చు టీచర్."

"ఇంకోసారి."

"మరత్తుప్పోచ్చు టీచర్."

"తిమిరు?"

"లేదు టీచర్," అని మళ్ళీ నాలుక కరుచుకుని, "ఇల్లె టీచర్," అంది. ఆ కళ్ళలో ఉన్నది తమిళ తిమిరేనని నాకు స్పష్టంగా కనిపించింది. ఆవిడకీ కనిపించేలోపు పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాను.

నేను కోయంబత్తూరు వచ్చేశాను. మాత్రలు ఒక్కరోజులో పనిచేయవు. మొదట కడుపు బిగిసింది, మలం నల్లగా వచ్చిందని మా వదిన భయపడి ఫోన్ చేసింది, నేను డాక్టరమ్మ చెప్పిందే చెప్పాను. కొన్ని వారాలకి, సామి గూట్లో విభూతి పొట్లం అలాగే ఉంటోందని అమ్మ దిగులుగా చెప్పింది. "భక్తి తగ్గిపోయినాది పిల్లకి. ఆ మాత్రలే కారణం." తర్వాత అన్న చేశాడు. పిల్ల రాత్రి పడుకుంటే పొద్దున లేపేదాకా కదలడం లేదట, ఇప్పుడు లేచి తిరక్కుండా కూర్చునే భోంచేస్తోందట, మూతి పగుళ్ళు మానాయట. "నోరు మాత్రం అట్లే ఉండాది తాయీ," అన్నాడు. నోరు ఇనుముతో సంబంధం లేని అవయవమని చెప్పాను.

మా ఊరి దగ్గర వైగై డ్యాములోంచి నీళ్ళు వదిలిన రోజు మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి హెచ్ఎం.

"మీ కోడలికి రక్తం బాగా పట్టినట్టుంది," అంది ఆవిడ.

"పట్టింది టీచర్. మొన్న మళ్ళీ పరీక్ష చేయించాం, బాగుందన్నారు."

"తెలుస్తోంది. మధ్యాహ్నం కాంపౌండు గోడ దూకింది. డ్యాము షట్టర్లు ఎత్తారని చూడటానికి. ఒక్కర్తే కూడా కాదు. నొసట బొప్పి కట్టించుకుందే, ఆ పిల్లని ముందు ఎక్కించి, తను తర్వాత దూకింది."

డ్రాయరు గుర్తొచ్చింది. సంతకం లేని ఆ కాయితం గుర్తొచ్చింది.

"టీచర్, ఆ టీసీ..."

"ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. ఇది మీ తిమ్మిరా, మా తిమిరా?"

బీఎస్సీ జువాలజీ బుర్రతో ఆలోచించాను. "గోడ అవతల ఎలా దిగింది టీచర్?"

"పిల్లిలాగా. రెండు కాళ్ళ మీద. తూలను కూడా లేదట, వాచ్‌మన్ చెప్పాడు."

"అయితే మీదే టీచర్. అచ్చ తమిళం. మీ స్కూలు పిల్ల, మీ స్కూలు గోడ, మీ తిమిరు. మీరే చూసుకోండి."

అవతల ఆవిడ నవ్వింది. మొదటిసారి నేను నవ్వినట్టే, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నట్టు వినిపించింది.

"చూసుకుంటాను. ఇద్దర్నీ మైదానం చుట్టూ పరిగెత్తించాను. మీ పిల్ల ముందొచ్చింది. సరే, పరీక్ష హాల్ టికెట్లు వచ్చాయి. మీ అన్నకి చెప్పండి, టికెట్టు తీసుకోవడానికి రేపు పిల్లని గేటులోంచి పంపమని."